మా వీధిలో పదకొండు చెట్లు: రోడ్డు వెడల్పుకు ముందు వాటి వెల ఎంతని రాయాలి?

వీధిఅరుగు, హైదరాబాదు
4 మే 2025

సభ్యులందరికీ నమస్కారం. మా కాలనీలో ముప్పై అడుగుల వీధిని నలభై అడుగులకు వెడల్పు చేసి సీసీ రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వీధికి తూర్పు అంచున, పడమటి ముఖం ఇళ్ల ముందు వరుసగా ఉన్న పదకొండు చెట్లు అందుకు అడ్డమని వాటి మానులకు సున్నంతో గీతలు గీసి వెళ్లారు. వాటిలో ఏడు కానుగలు, మూడు వేపలు, మలుపు దగ్గర ఒక రావి. కానుగలూ వేపలూ 1990ల చివర్లో ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లు నాటి, బిందెలతో నీళ్లు పోసి బతికించినవి. రావిని మాత్రం ఎవరూ నాటలేదు, అది కాలనీ కంటే ముందునుంచీ ఉన్నదే.

కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శిగా అభ్యంతర పత్రం రాయవలసిన పని నామీద పడింది. మొన్నటి సమావేశంలో ఒక పెద్దాయన, "చెట్లంటే మాకూ ఇష్టమేనయ్యా, కానీ ఇష్టాన్ని అర్జీలో రాస్తే ఎవరూ చదవరు, అంకె ఏదైనా ఉంటే రాయి" అన్నారు. ఆ మాట నన్ను వదలలేదు. కొట్టేసిన చెట్టుకు కాగితం మీద కట్టే వెల కట్టె వెలే. కానుగకు కలపగా గిరాకీ ఎక్కడుంది? ఆ లెక్కన పదకొండు చెట్లూ కలిపి ఒక మంచి సోఫాసెట్టు ధర కూడా చేయవు. నిలబడి ఉన్న చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయల విలువ ఉందని సుప్రీంకోర్టు చెప్పిందని ఎవరో వాట్సాప్‌లో పంపారు. పదకొండు చెట్లను ఇరవై ఏడేళ్లతో హెచ్చవేస్తే రెండు కోట్ల ఇరవై లక్షలు దాటుతోంది. ఈ అంకెను రాయవచ్చా?

లెక్కలపంతులు, హనుమకొండ
4 మే 2025

కార్యదర్శి గారికి నమస్కారం. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ముందు ఆ అంకె పుట్టుక చెబుతాను, రాయాలా వద్దా అన్నది తర్వాత మీరే తేల్చుకోండి.

పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, 2020లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే నాయకత్వంలోని ధర్మాసనం చెట్టు విలువను ఎలా కట్టాలో చెప్పమని అయిదుగురు నిపుణులతో ఒక సంఘాన్ని వేసింది. 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చిన వారి నివేదికలోనిదే ఈ 74,500. దాన్ని చెట్టు వయసుతో హెచ్చవేయాలనీ, నూరేళ్లు దాటిన మహావృక్షాల విలువ కోటి రూపాయలు మించవచ్చనీ వారు రాశారు. కాబట్టి అది నిపుణుల సంఘం సూచించిన అంకెయే కానీ కోర్టు తీర్పుగా ఇచ్చిన ధర కాదు. ఆ తర్వాత కోర్టు 2021 మార్చిలో వన్యప్రాణి నిపుణుడు ఎం.కె. రంజిత్‌సింహ్ అధ్యక్షతన ఇంకో పెద్ద సంఘాన్ని కూడా వేసింది. "సుప్రీంకోర్టు చెప్పింది" అని మీరు రాస్తే అవతలి న్యాయవాది మొదటి వాయిదాలోనే ఆ వాక్యాన్ని పట్టుకుంటారు.

అంతకంటే పెద్ద చిక్కు ఆ అంకె లోపల ఉంది. 74,500లో 45,000 ప్రాణవాయువు (ఆక్సిజన్) పద్దు, 20,000 సేంద్రియ ఎరువు పద్దు. ఆక్సిజన్ సిలిండరుకు మనం డబ్బు చెల్లించేది గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి, కుదించి, లారీలో తెచ్చినందుకు. బయటి గాలిలో ఎటూ దాదాపు 21 శాతం అదే ఉంది. మీ కానుగలు కొట్టేసినంత మాత్రాన మీ వీధిలో ఎవరికీ ఊపిరి ఆడకుండా పోదు. దొరకని వస్తువుకు ఉండే ధరను దండిగా ఉన్న వస్తువుకు వేయడం మా శాస్త్రంలో మొదటి పాఠంలోనే తప్పు. 1979లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టి.ఎం. దాస్ యాభై ఏళ్ల చెట్టుకు 15.70 లక్షలని కట్టిన ప్రసిద్ధమైన లెక్కలోనూ రెండున్నర లక్షలు ఆక్సిజన్ పేరనే ఉన్నాయి. అప్పట్లో చెట్టుకు డబ్బు విలువ ఉందని చెప్పడమే ఒక సాహసం కనుక ఆయన్ను తప్పుపట్టను. కానీ ఇవాళ ఆ దారిన వెళితే ఒక్క బలహీనమైన పద్దు మిగతా నిజమైన పద్దులన్నిటినీ ముంచుతుంది.

చిన్నదైనా సరే, ఎవరు తవ్వి చూసినా నిలబడే అంకెను పట్టుకోండి. నీడ నుంచి మొదలుపెట్టండి.

సిమెంటుమనిషి, హైదరాబాదు
5 మే 2025

పంతులు గారి మాటతో ఏకీభవిస్తూనే అవతలి పక్షం కూడా చెప్పవలసి ఉంది. నేను రోడ్లు, కాలువలు వేసే సివిల్ ఇంజనీరును. నగరంలో చెట్టుకు ఎదురుగా తూచేది కట్టెను కాదు, అది నిలబడి ఉన్న నేలను. గచ్చిబౌలి వైపు ఎకరం కోట్లలో పలుకుతున్నందువల్లే, ప్రభుత్వం చెట్లు తొలగించబోయిన కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల వ్యవహారం మొన్న ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపమనేదాకా వెళ్లింది. నేలకు ఆ ధర ఉన్నచోట నీడకు మీరు ఎంత వెల కట్టినా చెట్టు ఓడిపోతుంది. అదే సమయంలో కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఇళ్ల ధరలు చూడండి. ఆ పార్కు ఎదురుగా బాల్కనీ ఉందని చెప్పి బిల్డర్లు అడుగుకు ఎక్కువ అడుగుతారు, కొనేవారూ ఇస్తారు. అంటే పచ్చదనానికి బజారు ఇప్పటికే ధర కట్టింది, కాకపోతే ఆ సొమ్ము చెట్టు ఖాతాలో కాక స్థలం ఖాతాలో పడుతోంది.

ఇక కానుగ, వేప సరే. రావి వేరు గోడలోకి, డ్రైనేజీ పైపులోకి ఎలా దూరుతుందో నేను కళ్లారా చూశాను. లాభాలు రాసేవారు ఖర్చులు కూడా రాయాలి.

కోశాధికారి, సికిందరాబాదు
5 మే 2025

ఖర్చుల సంగతి నేను చెబుతాను. మా అపార్టుమెంటుకు ఆరేళ్లుగా పద్దులు రాస్తున్నాను. చెట్లవల్ల అయ్యే వ్యయం కొమ్మలు కొట్టించే కూలి, ఆకులు ఊడ్చే మనిషికి అదనంగా ఇచ్చేది, టెర్రస్ మీద నీటి గొట్టాలు ఆకులతో పూడుకుపోతే బాగుచేయించేది, కారు మీద కొమ్మ విరిగిపడినప్పుడు వచ్చే తగాదా. ఇవన్నీ ఒకే ఏడాది రావు కానీ రాకుండా ఉండవు. వానాకాలానికి ముందు కరెంటు శాఖవారు తీగల కింద కొమ్మలు నరికి, నరికినవాటిని రోడ్డు మీదే వదిలి వెళ్లిన రోజున చెట్టు మీద అభిమానం ఉన్నవారు కూడా తిడతారు.

ఒక చిత్రం గమనించాను. ఆకులు రాలేది మా ప్రహరీలో, ఊడ్చేది మా సంఘం సొమ్ముతో. నీడలో కారు నిలుపుకొనేది మాత్రం ఎదురు అపార్టుమెంటువారు. చెట్టును కొట్టేయమని మా సమావేశంలో తీర్మానం వచ్చిన ప్రతిసారీ దాని వెనక ఉన్నది ఈ అసమానతే.

హడ్సన్‌తీరం, న్యూజెర్సీ
5 మే 2025

కోశాధికారి గారు చెప్పిన అసమానతను అమెరికాలో కొలిచి చూశారు. పోర్ట్‌లాండు నగరంలో డొనోవన్, బ్యూట్రీ అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటి ముందు వీధి చెట్లుంటే ఆ ఇల్లు సగటున 8,870 డాలర్లు ఎక్కువకు అమ్ముడుపోయిందని తేలింది. అంతకంటే ముఖ్యమైనది, ఒక చెట్టువల్ల చుట్టూ వంద అడుగులలోపు ఇళ్లకు కలిపి వచ్చే లాభం ఆ చెట్టు ఉన్న ఇంటికి వచ్చే లాభాన్ని మించిపోయింది. ఊడ్చేవారు ఒకరు, లాభపడేవారు పదిమంది అన్న మీ మాట అక్కడా నిజమే.

న్యూయార్కు నగరం 2007లో తన వీధి చెట్లకు, అంటే సుమారు 5,92,000 చెట్లకు పద్దు రాయించింది. ఏటా వచ్చే ప్రయోజనం దాదాపు 12.2 కోట్ల డాలర్లని, చెట్ల మీద పెట్టిన ఒక్కో డాలరుకు 5 డాలర్ల 60 సెంట్లు తిరిగి వస్తోందని తేలింది. ఆ పద్దు లోపలి భాగాలు నాకు ఆసక్తిగా తోచాయి. ఆస్తి విలువ పెరగడంవల్ల 5.25 కోట్లు, వాననీటిని ఆపడంవల్ల 3.56 కోట్లు, విద్యుత్తు, ఇళ్లను వెచ్చబెట్టే గ్యాసు ఆదావల్ల 2.78 కోట్లు, గాలి శుభ్రపడటంవల్ల అర కోటి పైచిలుకు. అందరూ ముందుగా చెప్పే బొగ్గుపులుసు వాయువు పద్దు పది లక్షల డాలర్లు కూడా లేదు. ఇక ఆక్సిజన్‌కు అసలు పద్దే లేదు. పంతులు గారు చూస్తే సంతోషిస్తారు.

లెక్కలపంతులు, హనుమకొండ
5 మే 2025

సంతోషించాను. అయితే ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి ఇక్కడ అతికించవద్దని మనవి. అక్కడ ఆస్తి పన్ను, మురుగునీరూ వాననీరూ ఒకే గొట్టంలో పోవడం, చలికాలపు వేడి ఖర్చు అన్నీ వేరు. మనకు పద్ధతి కావాలి, అంకెలు మనవే కావాలి.

మన వాతావరణానికి దగ్గరగా ఉన్నది బెంగళూరు అధ్యయనం. హరిణి నాగేంద్ర, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన ఆ పరిశీలనలో చెట్లున్న వీధి భాగాలను, లేని భాగాలను పక్కపక్కన పెట్టి కొలిచారు. మధ్యాహ్నపు గాలి వేడిలో తేడా 5.6 డిగ్రీల దాకా, రోడ్డు ఉపరితలపు వేడిలో తేడా 27.5 డిగ్రీల దాకా కనిపించింది. ఇవి అత్యధిక తేడాలు, సగటులు కావు. అయినా చెప్పుల్లేకుండా నడిచేవారికి ఆ రెండో అంకె ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

కార్యదర్శి గారూ, మీ వీధిలో చెట్టున్న ఇంటి కరెంటు బిల్లులు, లేని ఇంటి బిల్లులు సంపాదించగలరా?

వీధిఅరుగు, హైదరాబాదు
7 మే 2025

రెండు రోజులు పట్టింది కానీ సంపాదించాను. నా ఇల్లూ, వీధి చివర మా తమ్ముడి ఇల్లూ ఒకే మేస్త్రీ ఒకే నమూనాలో కట్టినవి. రెండూ పడమటి ముఖమే, రెండింటిలోనూ ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటే. నా ఇంటి ముందు రెండు కానుగలు ఉన్నాయి. మా తమ్ముడి ఇంటి ముందున్న తురాయి నాలుగేళ్ల కిందట గాలివానకు వేళ్లతో సహా పడిపోయింది. కిందటి వేసవిలో అతని ఇంట్లో నెలకు 420 యూనిట్లు, మా ఇంట్లో 340 యూనిట్లు కాలాయి.

సిమెంటుమనిషి, హైదరాబాదు
7 మే 2025

రెండు కుటుంబాల అలవాట్లు వేరై ఉండవచ్చు. మీ తమ్ముడి గారింట్లో ఏసీ ఇంకాస్త చల్లగా పెడుతున్నారేమో, పిల్లలు ఎక్కువసేపు ఇంట్లో ఉంటున్నారేమో. ఎనభై యూనిట్లనూ చెట్టు ఖాతాలో వేస్తే నేనైతే ఒప్పుకోను.

వీధిఅరుగు, హైదరాబాదు
7 మే 2025

ఆ అనుమానం నాకూ వచ్చి పాత బిల్లులు తీయించాను. తురాయి పడకముందు వేసవుల్లో మా రెండిళ్ల మధ్య తేడా పదిహేను యూనిట్లు దాటలేదు. మా మరదలు బిల్లులన్నీ తీగకు గుచ్చి దాచే మనిషి కావడం నా అదృష్టం.

లెక్కలపంతులు, హనుమకొండ
8 మే 2025

మీ మరదలు గారికి నా నమస్కారాలు చెప్పండి. ముందున్న తేడాను తర్వాతి తేడాలోంచి తీసివేయడమే సరైన మార్గం. కాబట్టి 80లో 15 పోగా 65 యూనిట్లు నీడవని అనుకుందాం. రెండే ఇళ్లు కనుక ఇది రుజువు కాదు, సూచన మాత్రమే. ఆ మాట పత్రంలో మీరే ముందుగా రాయండి, అప్పుడు ఎవరూ దాన్ని పట్టుకోరు.

ఇప్పుడు ఆ 65 యూనిట్ల ధర. చాలామంది సగటు ధరతో హెచ్చవేసి ఇక్కడే తక్కువ కట్టుకుంటారు. నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి తెలంగాణ శ్లాబుల్లో మొదటి 200 యూనిట్లకు 5.10, ఆపై 300 దాకా 7.70, 400 దాకా 9.00, ఆపై 800 దాకా 9.50 చొప్పున పడుతుంది. 420 యూనిట్లకు 2,880 రూపాయలు, అందులో 65 తగ్గిన 355 యూనిట్లకు 2,285 రూపాయలు, తేడా 595. అంటే నీడ మిగిల్చిన ఒక్కో యూనిటు విలువ 9 రూపాయల 15 పైసలు, బిల్లు సగటు చూస్తే 6.86 మాత్రమే. చెట్టు ఎప్పుడూ పైమెట్టు మీది, అన్నిటికంటే ఖరీదైన యూనిట్లనే తగ్గిస్తుంది. స్థిర ఛార్జీలు, సుంకం వదిలేశాను.

మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలకు ఒక ఇంటికి 2,380 రూపాయలు. మీ తూర్పు అంచున నీడ పడే ఇళ్లు ఎన్ని? ఆరు అనుకుంటే ఏడాదికి 14,280. ముప్పై ఏళ్లకు ఊరికే కూడితే నాలుగు లక్షల ఇరవై ఎనిమిది వేలు. కానీ రేపటి రూపాయి నేటి రూపాయితో సమానం కాదు కనుక 8 శాతం చొప్పున తగ్గిస్తే నేటి విలువ లక్షా అరవై వేలు. కరెంటు ధరలు పెరుగుతాయని వాదించి తగ్గింపు రేటు తక్కువ వేసుకోవచ్చు, అది న్యాయమైన వాదనే.

రెండు కోట్ల ఇరవై లక్షల నుంచి లక్షా అరవై వేలకు దిగివచ్చామని నిరుత్సాహపడకండి. ఇది ఒక్క పద్దే.

నీడపట్టు, హైదరాబాదు
8 మే 2025

ఇంతవరకు వచ్చిన లెక్కలన్నీ ఇల్లున్నవారివి, అందులోనూ ఏసీ ఉన్నవారివి. ఈ చర్చలో అదే లోటుగా అనిపించి రాస్తున్నాను. కార్యదర్శి గారూ, మలుపు దగ్గర రావిచెట్టు కింద పగటిపూట ఎవరెవరు ఉంటారో ఒకసారి చూశారా? నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినిని, మా బడి పక్కనే ఒక బస్తీ ఉంది. బస్తీలో ఇళ్లు రేకులవి, గల్లీలు ఆరడుగులవి, చెట్టు పెట్టడానికి చోటే లేదు. అక్కడి ముసలివాళ్లు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మా బడి గోడ బయట వేపచెట్టు కిందికి మంచాలు తెచ్చుకుంటారు. ఆ చెట్టు వారికి ఇంటిలో ఒక గది వంటిది. అటువంటి గదికి అద్దె ఎంతో ఈ నగరంలో అందరికీ తెలుసు, చెట్టు నీడకు మాత్రం అద్దె చీటీ లేదు కనుక ఎవరి లెక్కలోకీ రాదు.

మాకు దగ్గరి సందులో ఒక పాత వేప ఉండేది. దాని కింద ఇస్త్రీ బండి, చెప్పులు కుట్టే ఆయన, నిమ్మసోడా బండి ఉండేవి. చెట్టు పోయాక సోడా బండి రోడ్డు మారింది, చెప్పులు కుట్టే ఆయన గొడుగు కట్టుకుని ఒక వేసవి నెట్టుకొచ్చి ఆపై కనిపించలేదు. ఇస్త్రీ ఆమె మాత్రం టార్పాలిన్ కింద బొగ్గుల పెట్టె వేడికి పైనుంచి ఎండ వేడి కలిసి మధ్యాహ్నాలు పని మానేసి రాత్రి తొమ్మిది దాకా చేస్తోంది. అభ్యంతర పత్రం రాసేటప్పుడు దయచేసి వీళ్లను కూడా అడగండి. సంఘం సమావేశానికి వీళ్లను ఎవరూ పిలవరు.

వీధిఅరుగు, హైదరాబాదు
10 మే 2025

అమ్మా, మీ మాట నాకు గుచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ రావి పక్కనుంచి వెళుతూ ఎవరున్నారో చెప్పమంటే ఇద్దరిని కూడా సరిగా చెప్పలేకపోయాను. నిన్నా ఇవాళా వెళ్లి కూర్చున్నాను. కొబ్బరిబోండాల ఆయన, ఇస్త్రీ దంపతులు, చెప్పులు కుట్టే ఆయన, పువ్వుల ఆమె, ఇలా నాలుగు బతుకుదెరువులు శాశ్వతంగా ఆ నీడలో ఉన్నాయి. వంతు వచ్చేదాకా అక్కడే నిలిచే ఆటోలు వేరు. చెట్టు లేకపోతే మధ్యాహ్నం ఎన్ని గంటలు మూసుకోవాలో, అందువల్ల రోజుకు ఎంత పోతుందో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. వంద నుంచి రెండు వందల దాకా చెప్పారు. పువ్వుల ఆమె డబ్బు చెప్పలేదు. ఎండలో మల్లెలు రెండు గంటలు ఆగవని, ఆపై ఇక అమ్మడానికి ఏముంటుందని తిరిగి నన్నే అడిగింది.

సగటున నూట యాభై వేసి, నలుగురికి, ఎండలు మండే తొంభై రోజులకు హెచ్చవేస్తే ఏడాదికి 54,000 రూపాయలు. ఆరు ఇళ్ల కరెంటు ఆదాకు ఇది దాదాపు నాలుగింతలు, అదీ ఒక్క చెట్టుకు. పంతులు గారూ, నేను ఎక్కడైనా తప్పు చేశానా?

లెక్కలపంతులు, హనుమకొండ
10 మే 2025

తప్పు చేయలేదు. నీడ పోయినప్పుడు వారు వేరేచోటికి వెళ్లి కొంత సంపాదించుకోగలరు కనుక నష్టం పూర్తి 54,000 కాకపోవచ్చని ఒక వాక్యం కలపండి. అంతకుమించి తగ్గించవద్దు. ముప్పై అయిదేళ్ల కిందట ఈ పాఠం చెప్పేటప్పుడు నేను కూడా ఇళ్ల ధరలనే ఉదాహరణగా చెప్పేవాణ్ణి.

విలువ కట్టలేని పద్దు ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. వరదకు ముందురోజు ఆ చెట్టు వెల ఎంతని అడిగితే చింతపండు ధర చెప్పి ఉండేవారు.

కడియంమొక్క, కడియపులంక
11 మే 2025

మాది మూడు తరాలుగా నర్సరీ. హైదరాబాదు, విజయవాడ, చెన్నైల నుంచి రోడ్ల పక్కన పెట్టడానికని వచ్చే లారీలు మా ఊళ్లోనే నిండుతాయి కాబట్టి, చెట్లు కొట్టేచోట బదులుగా ఏం పెడతారో మాకు బాగా తెలుసు. ఒక చెట్టుకు పది మొక్కలు పెడతామన్న హామీ వినడానికి ఉదారంగా ఉంటుంది. కానుగ కొమ్మల గొడుగు అడ్డం ఎనిమిది మీటర్లు ఉందనుకోండి, నేల మీద నీడ సుమారు యాభై చదరపు మీటర్లు. మేమిచ్చే మొక్క గొడుగు అడ్డం ఒక మీటరు. అడ్డం ఎనిమిదో వంతైతే నీడ అరవై నాలుగో వంతు అవుతుంది. ఒక చెట్టు నీడకు అరవై నాలుగు మొక్కలు కావాలి, అవి కూడా అన్నీ బతికితే. తెలంగాణలో 2020 నాటి జీహెచ్ఎంసీ చట్ట సవరణలో బడ్జెట్టులో పదిశాతం పచ్చదనానికి, నాటినవాటిలో 85 శాతం బతకాలన్న నిబంధన ఉన్నాయి. నా అనుభవంలో మొక్క ఖరీదు చిన్నది, మొదటి రెండు వేసవులు నీళ్లు పోసే మనిషి జీతమే పెద్దది, టెండర్లలో కోత పడేది కూడా అక్కడే.

పది పన్నెండు అడుగుల మొక్కలు కూడా మా దగ్గర దొరుకుతాయి, కానీ లారీ కిరాయి మొక్క ధరను మించుతుంది. ఇరవై ఏడేళ్ల కానుగను మాత్రం ఎంత డబ్బిచ్చినా మేం అమ్మలేం. ఇక ఎత్తి వేరేచోట నాటడం సంగతి అడుగుతారని ముందే చెబుతున్నాను. రావి, మర్రి జాతులు కొమ్మలు కొట్టి ఎత్తినా తట్టుకుంటాయి. తల్లివేరు లోతుగా దిగిన పెద్ద వేపను ఎత్తడం డబ్బు దండగ.

విశాఖకెరటం, విశాఖపట్నం
11 మే 2025

ఏ చెట్టు అన్న ప్రశ్న లేకుండా చెట్టు విలువ అనడం సరికాదని మా ఊరు నేర్చుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఒక్క పూటలో నగరంలోని పచ్చదనాన్ని ఊడ్చేసింది. మా వీధిలో పడినవి ఎక్కువగా త్వరగా పెరిగే తురాయిలు. వేపలు కొమ్మలు పోగొట్టుకుని మళ్లీ చిగిర్చాయి. తర్వాత నగరంలో ఏడాకుల పొన్నను విరివిగా నాటారు. నీడ తొందరగానే వచ్చింది కానీ అక్టోబరు, నవంబరు నెలల్లో పూత మొదలైతే ఆ ఘాటు వాసనకు ఉబ్బసం ఉన్నవారు కిటికీలు మూసుకుని కూర్చుంటున్నారు. మందుల చీటీ ఖర్చు కూడా చెట్టు పద్దులో రాయవలసిందే కదా. ఆ ఖర్చు చూస్తే మీ కానుగలు, వేపలు మేలైనవి, పత్రంలో జాతి పేర్లు తప్పక రాయండి.

సిమెంటుమనిషి, హైదరాబాదు
12 మే 2025

వాననీటి సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను రాస్తాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. యాభై చదరపు మీటర్ల గొడుగు మొదటి రెండు మిల్లీమీటర్లను ఆకుల మీద ఆపుకుందనుకుంటే వంద లీటర్లు. 2020 అక్టోబరు వంటి కుంభవృష్టిలో ఆ వంద లీటర్లు ఎటూ చాలవు. వరదను చెట్లు ఆపుతాయని రాయకండి. చెట్టు మొదట్లో సిమెంటు వేయకుండా వదిలిన మట్టి నేల మాత్రం నీరు ఇంకే చోటు. నలభై అడుగుల సీసీ వేసి గోడ నుంచి గోడ దాకా కప్పేస్తే ఆ నీరంతా కాలువలోకి, కాలువ నుంచి మీ పల్లపు ఇళ్ల సంపుల్లోకి వస్తుంది. ఇది రాయవచ్చు, ఇంజనీరుగా నేనూ సంతకం పెడతాను. నీడ ఉన్న తారు రోడ్డు ఎక్కువకాలం మన్నుతుందన్నది నిజమే కానీ మీది సీసీ రోడ్డు కనుక ఆ పద్దు మీకు పనికిరాదు.

ఇంకో మాట. నా మొదటి టపాలో నేల ధర గురించి రాశాను, దాన్ని కొంత సవరించుకుంటున్నాను. మీ చెట్లున్న పట్టీ అమ్మే నేల కాదు, రోడ్డు భాగం. అక్కడ చెట్టుకు పోటీ ప్లాటు కాదు, ఆ పది అడుగుల్లో వచ్చే కార్ల పార్కింగు. వాహనాలు పోవడానికి ముప్పై అడుగులు చాలని మీ వీధి రాకపోకలను ఒక ఉదయం, ఒక సాయంత్రం లెక్కపెట్టి చూపిస్తే, వెడల్పు అవసరాన్నే ప్రశ్నించవచ్చు. లాభనష్టాల పట్టికలో రెండో వైపు కూడా అంకెలు అడగండి.

వీధిఅరుగు, హైదరాబాదు
16 మే 2025

పత్రం ఇచ్చాను. నాలుగు పేజీలు వచ్చింది. కరెంటు ఆదా ఏడాదికి 14,280, రావి నీడలో బతుకుదెరువులు 54,000 అని, వాటి లోపాలతో సహా రాశాను. ఊడ్చే ఖర్చు, కొమ్మల ఖర్చు, రావివేరు వల్ల రెండు ప్రహరీలు బీటలిచ్చిన సంగతి కూడా దాచకుండా రాశాను. ఆక్సిజన్ రాయలేదు. నీరు, నేల, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అన్న ప్రశ్న, 2025 మార్చిలో తాజ్‌మహల్ చుట్టూ ఉన్న రక్షిత మండలంలో అనుమతి లేకుండా కొట్టిన 454 చెట్లకు చెట్టుకు లక్ష చొప్పున సుప్రీంకోర్టు విధించిన సొమ్ము సంగతి చివరి పేరాలో పెట్టాను. కోశాధికారి గారి మాట పట్టుకుని, ఊడ్చే ఖర్చును వీధిలోని అన్ని ఇళ్లూ పంచుకోవాలని మా సంఘంలో తీర్మానం కూడా పెట్టాము. మూడు ఇళ్లవారు ఒప్పుకోలేదు, పదిహేడు ఇళ్లవారు ఒప్పుకున్నారు.

నిన్న ఒక యువ ఇంజనీరు వచ్చి చూశారు. కరెంటు లెక్క తిరగేసి చూడలేదు, రావి కింద వారి పేజీ మాత్రం రెండుసార్లు చదివారు. మూడు కానుగలు, ఒక వేప కచ్చితంగా దారికి అడ్డమని, మిగతా ఏడింటి సంగతి పైవారు నిర్ణయిస్తారని చెప్పి, అన్నిటి చుట్టుకొలతలు రాసి పంపమన్నారు. మాను చుట్టూ ఛాతీ ఎత్తులో, అంటే నేలకు నాలుగున్నర అడుగుల పైన టేపు చుట్టాలని తెలుసు. రావి సరిగ్గా ఆ ఎత్తులోనే రెండుగా చీలింది. దాన్ని ఎక్కడ కొలవాలి?

కడియంమొక్క, కడియపులంక
16 మే 2025

చీలికకు కింద, మాను ఉబ్బు లేకుండా అన్నిటికంటే సన్నగా ఉన్నచోట కొలిచి, ఏ ఎత్తులో కొలిచారో పక్కన రాయండి. టేపు వదులుగా వేలాడకుండా వెనకవైపు ఇంకొకరు పట్టుకోవాలి. కొబ్బరిబోండాల ఆయన్ను పిలవండి, ఎటూ అక్కడే ఉంటారు కదా.